మేజిస్ట్రేటుగారి దాహం

బేసిన్‌లో నీళ్లు గడ్డం దాటకూడదని కుట్టు టీచరు మళ్లీ చెప్పింది. ఎముకల ఆసుపత్రిలో, ఆడవాళ్ల వార్డులో, తుంటికి కట్టుతో వెల్లకిలా పడుకుని, పైకప్పు వైపు చూస్తూ ఆమె ఈ పాఠం చెబుతోంది. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని వింటున్నది ఆమె తమ్ముడి కోడలు. పాఠం ఒక తాబేలు గురించి.

“నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. మణికట్టు లోపలివైపు ముంచి చూసుకో. చల్లగా ఉన్నాయనుకో, తల లోపలికి లాక్కుంటాడు. ఇంక తాగడు.”

“సరే పెద్దమ్మగారూ.”

“సరే కాదు. నేను చెప్పింది తిరిగి చెప్పు.”

కోడలు తిరిగి చెప్పింది. రోజూ పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో కూర్చోబెట్టాలి. తాగి, కడుపులోది వదిలిపెట్టేదాకా కదిలించకూడదు. నీళ్లలో తెల్లగా వదిలేది పెరుగులా మెత్తగా ఉంటే క్షేమం. సున్నపు పలుకుల్లా గరుకుగా ఉంటే వెంటనే ఫోను చెయ్యాలి. తిండికి గడ్డి, మందారాకులు, పెరట్లో మొలిచే లేత కలుపు ఆకులు. పడుకునే చోట సముద్రపు నురుగు బిళ్ల ఒకటి ఉండాలి, అది కొరుక్కుంటేనే డిప్ప గట్టిపడుతుంది. పండ్లు, రొట్టె, పాలు చూపించనే కూడదు.

“పండు పెడితే ఇష్టంగా తింటారేమో కదండీ,” అంది కోడలు.

“తింటాడు. అడిగినవన్నీ వడ్డించడానికి ఆయనేమీ పెళ్లికొచ్చిన చుట్టం కాదు.”

పక్క మంచం మీది ముసలామె దుప్పటి చాటున నవ్వుకుంది.

ఆ తాబేలు పేరు మేజిస్ట్రేటుగారు. టీచరు పనిచేసిన బడిలో, కుట్టు తరగతి పిల్లలు పెట్టిన పేరది. మెడ చాచి, ముందు ఎడమపక్క వాళ్లను, తరవాత కుడిపక్క వాళ్లను చూసి, ఎవరి పక్షమూ తేల్చకుండా తల లోపలికి తీసుకోవడం దాని అలవాటు. బడివాళ్లు కుట్టు తరగతిని ఎత్తివేసిన రోజున టీచరు తన కత్తెరను సంచిలోనూ, మేజిస్ట్రేటుగారిని పీలికల బుట్టలోనూ పెట్టుకుని ఇంటికి వచ్చింది. ఇల్లంటే చిన్న పెరడున్న ఒంటిగది. ఆమె పెళ్లి చేసుకోలేదు; చేసుకోనందుకు విచారించిన దాఖలాలూ లేవు. అయితే, తలుపు తీసుకుని లోపలికి వచ్చినప్పుడు ఎవరో ఒకరు తల ఎత్తి చూడాలని మనిషి కోరుకోవడం అత్యాశ కాదు. ఆమెకు దక్కిన ఆ చూపు మేజిస్ట్రేటుగారిది. మెట్ల మీద జారి తుంటి విరిగినప్పుడు ఎముక అతుక్కుంటుందని డాక్టర్లు హామీ ఇచ్చారు. తాబేలు బతుకుతుందని హామీ అడగడానికి ఆమెకు తమ్ముడి ఇల్లు తప్ప వేరే చోటు లేదు.

తమ్ముడు పాలిష్ మేస్త్రి. కింద వీధివైపు చెక్కసామాన్ల దుకాణం, వెనక పనిగది, పైన కాపురం. అమ్మకాలు కొడుకు చూసుకునేవాడు, ఇల్లు కోడలు చూసుకునేది, చెక్కను మేస్త్రి చూసుకునేవాడు. స్పిరిట్‌లో లక్క కరిగించి, దూది లోపల పెట్టి కట్టిన గుడ్డ ఉండతో, పొర మీద పొర, అతడు రుద్దే పాలిష్‌లో మనిషి తన పంటి మీది మరక కూడా చూసుకోవచ్చునని చెప్పుకునేవారు. ఆ పనిగదికి ఒక్కటే నియమం ఉండేది: లోపలికి నీటిచుక్క రాకూడదు. తాగేనీళ్ల కూజా గడప అవతల ఉండేది. కొనడానికి వచ్చేవాళ్ల గొడుగులు వీధిగుమ్మం దగ్గరే ఆగిపోయేవి. వాళ్ల పిల్లల చేతుల్లోని నీళ్లసీసాలను మేస్త్రి స్వయంగా, బుజ్జగిస్తూ, తీసి బయట పెట్టేవాడు. ఆరని లక్క మీద ఒక్క చుక్క పడితే చాలు, తెల్లటి మచ్చ కడుతుంది; దాన్ని పోగొట్టడానికి పూటంతా పడుతుంది. ఆ ఇంట్లో పెరిగినవాళ్లకు, ఆ ఇంటికి వచ్చినవాళ్లకు నీళ్లంటే అగ్గిపుల్లతో ఉన్నంత జాగ్రత్త.

మేజిస్ట్రేటుగారికి పనిగదిలోనే ఒక మూల చోటిచ్చారు. పై అంతస్తులో మెట్లున్నాయి, పడిపోతుందని భయం. కోడలు మాట తప్పలేదు. పొద్దున్నే తాబేలును ఎత్తుకుని మేడమీదికి వెళ్లేది, బట్టలుతికే గట్టు దగ్గర టీచరు పంపిన ఎనామిల్ బేసిన్‌లో కూర్చోబెట్టేది, తాగేదాకా పక్కనే కూర్చునేది, తుడిచి కిందికి తెచ్చేది. ఆ ఊరి నీళ్లు ఉప్పునీళ్లు. ఆరాక డిప్ప మీద బూడిదలాంటి తెల్లని పొర మిగిలేది.

ఆ పొర మేస్త్రి కంటపడింది.

“ఏమ్మాయ్, దీనికి ఏం పోస్తున్నావు?”

“నీళ్లే మామయ్యగారూ. పెద్దమ్మగారు రోజూ పెట్టమన్నారు.”

“అదీ సంగతి. చూడు ఎలా తెల్లబారిందో. నీళ్లు కొట్టిన పాలిష్ అచ్చం ఇలాగే ఉంటుంది.” అతడు తాబేలు పక్కన గొంతుక్కూర్చుని బొటనవేలితో డిప్పను నెమ్మదిగా తడిమాడు. “ఇదిగో ఇక్కడ, గళ్ల మధ్యన, పొడిబారి నోళ్లు తెరుస్తోంది. పాపం, దాహంతో ఉందిది.”

“అందుకే నీళ్లు...”

“చెక్కకి దాహమేస్తే నీళ్లు పోస్తామా, నూనె పోస్తామా?”

కోడలికి ఆ ఇంట్లో ఆ ప్రశ్నకు ఒకటే జవాబు తెలుసు.

“మా అక్క గుడ్డ సంగతి చెబితే వింటాను,” అన్నాడు మేస్త్రి నవ్వుతూ. “ఇది గుడ్డ కాదుగా. కొమ్ములాంటిది. కొమ్ముపిడుల కత్తులు నేనెన్ని బాగుచెయ్యలేదు? నూనె తాగి కళ్లు తెరిచేవి.”

మేస్త్రి దుర్మార్గుడు కాడు. దుర్మార్గుడై ఉంటే ఈ వ్యవహారం సులువుగా తేలిపోయేది. ఆ సాయంత్రం అతడు పెద్ద ఆసామి ఇంటికి వెళ్లవలసిన బీరువాను పక్కకు నెట్టి, అవిసె నూనె గోరువెచ్చగా కాచి, తన దగ్గరున్న వాటిలోకెల్లా మెత్తని గుడ్డతో, ఒక్కొక్క గడినీ చంటిపిల్ల చెంపలు తుడిచినట్టు రుద్దాడు. నూనె ఇంకాక పల్చగా లక్క వేశాడు. తాబేలు తల లోపలికి తీసుకుని ఊరుకుంది. దాన్ని అతడు తృప్తి అనుకున్నాడు. తిండి విషయంలోనూ అతడి మనసు అంతే మెత్తన. “గడ్డి మేయడానికి ఇదేమన్నా గొడ్డా?” అని, తన ఫలహారంలోంచి రొట్టెముక్క పాలలో ముంచి పెట్టేవాడు, అరటిపండు ఒలిచి పెట్టేవాడు. పాలలో తడి ఉంటుంది కదా అన్నది అతడి లెక్క. కొనడానికి వచ్చినవాళ్ల పిల్లలు బిస్కట్లు పెట్టేవారు. తాబేలు తినేది. గడ్డి మీదికి దాని మనసు పోవడం మానేసింది.

మేస్త్రి నీళ్లు మాన్పించాక కోడలు కొన్నాళ్లు చాటుగా నీళ్లు పట్టింది. మేస్త్రి మధ్యాహ్నం కునుకు తీసే వేళ బేసిన్‌తో మెట్లు దిగుతుంటే, అడుగునుంచి కారిన చుక్కలు రెండు కింద ఆరబెట్టిన కుర్చీ చేతి మీద పడ్డాయి. అది ఎవరి కుర్చీయో, ఎంతమంది చూస్తుండగా మచ్చ బయటపడిందో మొగుడు సాయంత్రం అంతా ఆమెకు వివరించాడు. మేస్త్రి మాత్రం ఒక్క మాట అనలేదు. సెలవురోజున అందరూ బయటికి వెళ్తే తానొక్కడే కూర్చుని ఆ కుర్చీని మొదటినుంచి మళ్లీ రుద్దాడు. మర్నాడు ఎనామిల్ బేసిన్‌లో నూనెగుడ్డలు నింపి అటక మీద పెట్టాడు. ఇక కోడలు దాన్ని దించలేదు.

ఫోను మోగినప్పుడు ఆమె పనిగది గుమ్మంలో నిలబడి మాట్లాడేది. రెండడుగుల దూరంలో మామగారు పని చేసుకుంటూ ఉండేవాడు.

“ఎలా ఉన్నాడు?”

“బాగానే ఉన్నారు పెద్దమ్మగారూ. తింటున్నారు.”

“నీళ్లు తాగుతున్నాడా?”

“ఆఁ.”

ఆ చిన్న శబ్దాన్ని టీచరు నమ్మింది. బడిలో అన్నేళ్లు పిల్లల అబద్ధాలు పట్టుకున్న మనిషి నమ్మింది, ఎందుకంటే నమ్మకపోతే మంచం మీద ఆమె చేయగలిగింది ఏమీ లేదు.

కొడుకు ఒకరోజు సరదాపడి తాబేలు ఫొటో తీసి వార్డు నర్సు ఫోనుకు పంపాడు. నర్సు దాన్ని మంచం మంచానికీ తిప్పింది. అద్దంలా ఉందని ఒకరు, ఇంతందమైన తాబేలును చూడనే లేదని ఒకరు, మా ఇంటి బీరువా ఇలా ఉంటే బాగుండునని ఒకరు అన్నారు. ఫోను చివరికి టీచరు చేతికి వచ్చింది. ఆమె కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసింది.

“ఇది డిప్ప. మేజిస్ట్రేటుగారి ముఖం ఏది?”

“లోపల పెట్టుకుందేమో మామ్మా, సిగ్గుపడి,” అంది నర్సు.

“ఆయనకు సిగ్గేమిటి? ఎవరు వచ్చినా ముందు మెడ చాచేది ఆయనే. ముఖం ఫొటో పంపమని రాయి.”

ముఖం ఫొటో రాలేదు. మర్నాడూ రాలేదు. కొడుకు బేరంలో ఉన్నానన్నాడు, కోడలు ఫోను ఎత్తలేదు. టీచరు తన బట్టలు సంచిలో సర్దమని ఆయాకు చెప్పింది. నడక నేర్పే అమ్మాయి వచ్చి అడ్డుపడింది.

“ఇప్పుడే వెళ్లకూడదు మామ్మగారూ. మీకింకా మెట్లెక్కడం రాలేదు.”

“మెట్లెక్కే పని లేదమ్మా. తాబేలు నేలమీదే ఉంటుంది.”

నాలుగుకాళ్ల చేతికర్ర మీద బరువు మోపుతూ ఆమె దుకాణంలో అడుగుపెట్టేసరికి మేస్త్రి ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. అక్క నడిచి రావడం చూసి అతడి కళ్లు చెమ్మగిల్లిన మాట నిజం. పనిగదిలోకి తీసుకెళ్లి, మూలనున్న మెరుపును చూపించి, “చూశావా అక్కా, ఎలా చేశానో,” అన్నాడు.

ఆమె వంగలేదు కనక కోడలు తాబేలును ఎత్తి చేతుల్లో పెట్టింది. పెట్టీ పెట్టగానే టీచరుకు తెలిసిపోయింది: అందులో బరువు లేదు. పీలికల బుట్టకు ఉండేపాటి బరువే ఉంది. గదినిండా స్పిరిట్ వాసన, పొయ్యి పక్కన ఉన్నంత వేడి. ఆమె వేలితో గడ్డం కింద తట్టింది. చాలాసేపటికి తల కొంచెం బయటికి వచ్చింది. కళ్లు గుంటల్లోకి దిగి, రెప్పలు అంటుకుపోయి ఉన్నాయి. మెడమీది చర్మాన్ని రెండు వేళ్ల మధ్య పట్టి వదిలితే, వదిలినచోట అది అలాగే మడతపడి నిలబడింది. అరగదీసే తిండి లేక ముక్కు చిలకముక్కులా కిందికి పెరిగింది. తోక దగ్గర సున్నపు పలుకులు అంటుకుని ఉన్నాయి.

“నీళ్లలో పెట్టి ఎన్నాళ్లయింది?”

తమ్ముడు చేతిలోని గుడ్డ వైపు చూసుకున్నాడు.

“నిన్నే. ఎన్నాళ్లయింది?”

“ఆ పనంతా మా ఆవిడదే అత్తా,” అన్నాడు కొడుకు. “నువ్వు తనకే కదా అప్పజెప్పావు.”

టీచరు కోడలి వైపు తిరిగింది. “నాకు మాటిచ్చావు. తిరిగి కూడా చెప్పావు. ఒక్క ముక్క తప్పు లేకుండా చెప్పావు. వినడం రానివాళ్లను క్షమించొచ్చు అమ్మాయీ, నీకు వినడం వచ్చు.”

కోడలు తల వంచుకుంది. మేస్త్రి చేతిలోని గుడ్డను మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు. మాట అతడి నోటిదాకా వచ్చిందో లేదో తెలియదు. బయటికైతే రాలేదు. అటక మీది బేసిన్ దింపించుకుని, నూనెగుడ్డలు అక్కడే నేలమీద కుమ్మరించి, టీచరు తాబేలుతో వెళ్లిపోయింది.

పశువుల డాక్టరు దగ్గర కుక్కలు, వాటి యజమానులు వరసలో కూర్చుని ఉన్నారు. ఆయన తాబేలును బల్లమీద పెట్టుకుని, పొట్ట పక్కన వేళ్లతో వెతికి, తల ఊపాడు.

“లోపల రాయి కట్టింది. కిడ్నీలు పనిచేస్తున్నాయో లేదో ఇప్పుడే చెప్పలేను. వీటికి ఎండిపోవడం పైకి కనపడదండీ, కనపడేసరికి ఆలస్యమైపోతుంది.” సూదితో చర్మం కిందికి నీళ్లు ఎక్కిస్తూ, డిప్పను గోటితో గీకి చూశాడు. “దీనికి వార్నిష్ ఎవరు వేశారు?”

టీచరు ఆ మాటనే మనసులో తిప్పుకుంటూ కూర్చుంది. పనిగదిలో తాను మెరుపును చూసింది, వాసనను పీల్చింది, మేస్త్రి గర్వంగా చూపించిన వేలినీ చూసింది. అయినా కోపం వెళ్లి పడింది మాత్రం తల వంచుకుని నిలబడిన మనిషి మీద. అందుబాటులో ఉన్నవాళ్లకే శిక్ష వేయడం ఎంత తేలికో ఆమెకు ఆ బల్లముందు తెలిసింది.

“రోజుకు రెండుసార్లు నానబెట్టండి,” అన్నాడు డాక్టరు. “తానంతట తాను తాగితే అప్పుడు మాట్లాడుకుందాం.”

మర్నాడు పొద్దున్నే, కూరగాయల సంచితో, కోడలు వచ్చింది. గడపలోనే నిలబడిపోయింది. టీచరు మంచం అంచున కూర్చుని ఉంది. ఎదురుగా నేలమీద బేసిన్, అందులో మేజిస్ట్రేటుగారు, కళ్లు మూసుకుని.

“లోపలికి రా. నిన్న నేనన్న మాట తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను. ఇప్పుడు జరిగింది చెప్పు.”

కోడలు నూనె సంగతి, లక్క సంగతి, కుర్చీ మీది చుక్కల సంగతి వరసగా చెప్పింది. ఏడవలేదు.

“ఫోనులో నాతో చెప్పొచ్చుగా.”

“చెబితే మీరేం చేసేవారు పెద్దమ్మగారూ, మంచం మీద ఉండి? మామయ్యగారికి ఫోను చేసి తిట్టేవారు. ఫోను పెట్టేశాక ఆ ఇంట్లో ఉండాల్సింది నేను.” సంచి కింద పెట్టి అంది: “ఆయన నన్ను ఎప్పుడూ కోప్పడలేదండీ. కోప్పడితే ఎదురు చెప్పేదాన్నేమో. ఆ కుర్చీని అలా ఒక్కరే కూర్చుని రుద్దుతుంటే చూడలేకపోయాను.”

టీచరు మణికట్టు లోపలివైపు నీళ్లలో ముంచి చూసి, “చల్లారాయి. వేడినీళ్లు కొంచెం పట్టుకురా,” అంది.

అప్పటినుంచి కోడలు బజారుకని బయలుదేరి రోజూ ఆ గదికి వచ్చేది. టీచరు వంగలేదు కనక నీళ్లు మార్చడం, ఎత్తడం, తుడవడం కోడలే చేసేది. నీళ్లు ఎంత వెచ్చన, ఎంత లోతు అన్నది టీచరు తేల్చేది. మొదట్లో తాబేలు నీళ్లలో రాయిలా ఉండేది. ఒకరోజు మాత్రం, ఇద్దరూ మాట్లాడుకోకుండా చూస్తూ ఉండగా, మెడ కొంచెం ముందుకు సాగింది. ముక్కు నీళ్లలో మునిగింది. గొంతు కింది చర్మం కదిలింది, ఆగింది, మళ్లీ కదిలింది. అది తాగింది. ఆగకుండా, ఎన్నాళ్ల బాకీనో ఒక్కసారిగా వసూలు చేసుకుంటున్నట్టు తాగింది.

“మేజిస్ట్రేటుగారు సెలవులు చాలించారండీ,” అంది కోడలు. చాలా రోజుల తరవాత ఆమె నవ్వింది. టీచరు పెరట్లో మందారపువ్వు తెంపుకు రమ్మని ఆమెను పంపింది. పువ్వును మూతి దగ్గర పెడితే తాబేలు ఒక రేకు కొరికి, చాలాసేపు నోట్లో ఉంచుకుంది. ఆ రేకు మింగిందో, నీళ్లలో జారిపోయిందో ఇద్దరికీ స్పష్టంగా తెలియలేదు. మింగిందనే అనుకున్నారు.

కబురు దుకాణానికి చేరింది. “నేను చెప్పలేదూ, దానికేం కాదని,” అన్నాడట మేస్త్రి. అతడికి గుండెలమీది బరువు దిగింది. రాత్రి అన్నం సరిగ్గా తిన్నాడని కోడలే వచ్చి చెప్పింది.

తరవాత తాబేలు కాళ్ల మొదళ్లు ఉబ్బాయి. మెడ పక్కన చర్మం నీళ్లు నింపిన సంచిలా వేలాడింది. తాగడం మాత్రం మానలేదు. తాగినకొద్దీ వాచింది. డాక్టరు ఇంటికే వచ్చి, కూర్చోకుండానే చూసి, గొంతు తగ్గించి చెప్పాడు.

“లోపలికి వెళ్తోందండీ, బయటికి రావడం లేదు. ఇంక ఆ నీళ్లే దానికి బరువు.”

“అయితే ఆపెయ్యమంటారా?”

“ఆపినా ఒకటే.”

టీచరు ఆపలేదు. దాహంతో ఉన్న జీవి ముందునుంచి నీళ్లు తీసివేసే అధికారం తనకు ఎవరూ ఇవ్వలేదని ఆమె అంది. తెల్లవారి కోడలు వచ్చేసరికి మేజిస్ట్రేటుగారు బేసిన్ అంచు మీద గడ్డం ఆనించి ఉన్నారు. తలుపు చప్పుడుకు తల ఎత్తలేదు.

ఆ మధ్యాహ్నం టీచరు బండి పిలిపించుకుంది. బేసిన్‌ను, అందులోని నీళ్లతో, అందులోని తాబేలుతో సహా కోడలి చేత బండిలో పెట్టించింది. దుకాణంలో కొడుకు ఒక భోజనాల బల్ల చుట్టూ తిరుగుతూ గోనెపట్టాలు సిద్ధం చేస్తున్నాడు. సాయంత్రం కొన్నవాళ్ల ఇంటికి వెళ్లవలసిన బల్ల అది. మేస్త్రి దానిమీద చివరి పొర ముగించి, చెయ్యి వెనక్కి కట్టుకుని చూసుకుంటున్నాడు.

“ఇక్కడ పెట్టు,” అంది టీచరు.

కోడలు కదలలేదు. టీచరు చేతికర్ర వదిలేసి, బేసిన్ తానే అందుకుని, తూలుతూ, ఆ బల్ల నడిమధ్యన పెట్టింది. నీళ్లు అంచుదాకా ఊగి కొన్ని ఒలికాయి.

మేస్త్రి ముందు బేసిన్ అడుగు వైపు చూశాడు. తరవాత లోపలికి చూశాడు. “అయ్యో,” అన్నాడు. ఆ అయ్యోలో నటన లేదు.

“దీన్ని ఎవరు చంపారో నీ కొడుకు ముందర ఒక్కసారి చెప్పు. నాకింకేం అక్కర్లేదు.”

“అక్కా, నేను దాన్ని... నా చేత్తో నూనె...” అతడి చూపు మళ్లీ కిందికి జారింది. “ముందు ఆ బేసిన్ తియ్యక్కా. లక్క ఇంకా ఆరలేదు.”

“చెప్పాక తీస్తాను.”

“అత్తా, పోయిందేదో పోయింది,” అన్నాడు కొడుకు. “ముసలి తాబేలు. మా ఆవిడ సరిగ్గా చూసుకోలేదు, తప్పే. దానికి బల్లనేం చేస్తావు?”

“నీ పెళ్లాం చూసుకుంది. చూసుకోనివ్వని మనిషి ఇక్కడున్నాడు. ఆయన నోటితో వినాలని వచ్చాను.” ఆమె తమ్ముడి ముఖం మీదినుంచి చూపు తిప్పలేదు. “నిన్ను పోలీసులకు పట్టివ్వను. తిట్టను. నీళ్లు ఆపింది నేనే అని అను, చాలు. ఆ పిల్ల మీదనుంచి ఆ మాట దించు.”

మేస్త్రి పెదవులు కదిలాయి. అతడు నిజంగా వెతుక్కుంటున్నాడు. జీవితమంతా దాహానికి నూనె పోసి మెప్పు పొందిన మనిషికి, ఒక్క మాటలో అదంతా తప్పని ఒప్పుకునే మాట దొరకడం తేలిక కాదు. దొరికేదేమో కూడా. వీధిలో బండి హారన్ మోగింది. బల్లను తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లు. కొడుకు గుమ్మం వైపు, బల్ల వైపు, తండ్రి వైపు చూసి చివరికి పెళ్లాం వైపు చూశాడు.

“నాదే తప్పు పెద్దమ్మగారూ,” అంది కోడలు. “నేనే చూసుకోలేదు.”

“నువ్వు మాట్లాడకు.”

“నాదేనండీ. నాకే అప్పజెప్పారు. మామయ్యగారిని ఏమీ అనకండి.” ఆమె గొంతు సాఫీగా ఉంది. “ఇంక తీసెయ్యండి.”

టీచరు ఆమెను చూసింది. తన గదికి వచ్చి అంతా చెప్పిన మనిషీ, ఇప్పుడు అదంతా చెరిపేస్తున్న మనిషీ ఒక్కరే. ఫోను పెట్టేశాక ఆ ఇంట్లో ఉండవలసింది ఎవరో టీచరుకు గుర్తుకొచ్చింది. సాక్షి అడ్డం తిరిగాక వాదించడానికి ఏమీ మిగలదు. ఆమె బేసిన్‌ను ఎత్తడానికి చేతులు చాచింది, తుంటి సహకరించలేదు. కొడుకే వచ్చి ఎత్తి బయట బండిలో పెట్టాడు. వెనకాలే వచ్చిన మేస్త్రి బండి కిటికీ దగ్గర వంగి అన్నాడు:

“అక్కా, ఆ డిప్ప నాకివ్వు. కలకాలం ఉండేలా చేసిస్తాను. నీ కళ్లముందే ఉంటుంది.”

అతడు ఆ మాట ప్రేమతోనే అన్నాడు. టీచరు బండి పోనివ్వమంది. పెరట్లో మందారచెట్టు దగ్గర గొయ్యి తీయడానికి పక్కింటివాళ్లను పిలవవలసి వచ్చింది. పూడ్చేముందు ఆమె స్పిరిట్ ముంచిన గుడ్డతో డిప్పను తుడవడం మొదలుపెట్టింది, కాని లక్క లోపలికంటా పట్టి ఉంది. ఒక గడి సగం మాత్రమే తన అసలు రంగుకు వచ్చింది. అలాగే పూడ్చారు.

దుకాణంలో బల్ల నడిమధ్యన పళ్లెమంత తెల్లని వలయం మిగిలింది. బండివాళ్లను పొద్దుగూకేదాకా ఆగమని, మేస్త్రి గుడ్డ ఉండను నూనెలో ముంచి, గుండ్రంగా, తొందర లేకుండా రుద్దాడు. మచ్చ పక్కవాటుగా చూస్తేనే తెలుస్తుంది కనక దీపం పట్టుకోమని కోడలిని పిలిచాడు. ఆమె పట్టుకుంది.

“ఇంకొంచెం వంచమ్మా. ఆఁ, అలా.” అతడు రుద్దుతూనే ఉన్నాడు. “ఇప్పుడు కనపడుతోందా?”

కోడలు దీపాన్ని ఇటు, అటు తిప్పి చూసింది.

“లేదు మామయ్యగారూ. కనపడట్లేదు.”